18 అంగుళాల రేకు కూలర్: పాత పెట్టె, కొత్త కిటికీ

రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయంటారు. కర్నూల్లో రోళ్లకంటే ముందు ప్లాస్టిక్ కూలర్ల చక్రాలు పగులుతున్నాయి గనక, వెల్డింగ్ షెడ్డులో చేయించే రేకు కూలర్‌కు ఇంకా గిరాకీ తగ్గలేదు. దీనికి కంపెనీ పేరుండదు. 22 గేజీ జీఐ (జింకు పూత పూసిన ఇనుప) రేకు పెట్టె, 18 అంగుళాల ఫ్యాను, వెనకా రెండు పక్కలా గడ్డి తలుపులు, అడుగున తొట్టి, ముందర గాలిని పక్కలకు తిప్పే పలకలున్న 20కి 20 అంగుళాల జాలీ. అనంతపురంలో చేయించినా కడపలో చేయించినా కొలతలు ఒకటి రెండు అంగుళాలు అటూ ఇటూగా ఇవే.

చల్లదనం విషయంలో దీన్ని కొత్తగా పరీక్షించాల్సిన పని లేదు. బయట 42 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం ఉన్న మధ్యాహ్నం, బాగా తడిసిన గడ్డి ప్యాడ్ గుండా వచ్చే గాలి 28 డిగ్రీల దగ్గర ఉంటుంది. అదే ఒక వాన పడి తేమ 60 శాతానికి ఎక్కితే, బయట 34 ఉన్నా కూలర్ ఇచ్చేది 29. అప్పుడు ఒంటికి తగిలేది ఉక్కే. ఏ కూలరైనా ఇంతే. ఇక్కడ మార్కులు వేస్తున్నది ఇంకో సంగతికి: అద్దె ఇల్లు మారినప్పుడు, లేదా ఉన్న ఇంట్లోనే చెక్క కిటికీ తీసేసి యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్ ఫ్రేము) స్లైడింగ్ కిటికీ పెట్టించినప్పుడు, ఈ పెట్టె కొత్త చోట ఎంతవరకు కుదురుతుంది, కుదర్చడానికి ఏం చేయాలి, షెడ్లలో ఈ పని ఎలా చేస్తున్నారు.

 కూలర్ చోటు మారిస్తే మిగతా వాటితో గొడవ లేదు. కరెంటు వైరు, నీళ్ల ట్యూబు ఎంత దూరమైనా వస్తాయి. గొడవంతా కిటికీతోనే.

పాత చెక్క కిటికీకి రెండు రెక్కలు. రెండూ తెరిస్తే మూడడుగుల వెడల్పు మొత్తం ఖాళీ, కూలర్ మూతి నేరుగా ఊచలకు ఆనేది. స్లైడింగ్ కిటికీ ఎంత తెరిచినా సగమే తెరుచుకుంటుంది. నాలుగడుగుల కిటికీ అయితే ఫ్రేము పోను 21 అంగుళాలు దొరుకుతుంది, 20 అంగుళాల మూతి దూరుతుంది, పేచీ లేదు. మూడడుగుల కిటికీతోనే చిక్కు. అందులో దొరికేది 15 అంగుళాలు. ఇలాంటి కిటికీ కొలత చెప్పగానే షెడ్డులో వినిపించే మొదటి మాట: "పట్టేస్తాదిలేన్నా, పెట్టెను ఓ పక్క కోసేద్దాం."

కోయించొద్దు. ఈ కూలర్‌లో ఫ్యాను చుట్టూ ఒక రేకు రింగు ఉంటుంది. రెక్క కొనకూ రింగుకూ మధ్య పావు అంగుళం నుంచి అర అంగుళం సందు ఉండాలి. గాలి ముందుకు తోసేది ఆ సందు తక్కువగా ఉన్నందువల్లే. పెట్టె పక్క రేకు కోసి దగ్గరికి లాగి అతికితే ముందు పలక వంగుతుంది, రింగు గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. ఒక చోట రెక్క రాసుకుంటుంది, ఎదుటి వైపు సందు అంగుళం దాటుతుంది. రాసుకోకుండా రెక్కల చివర్లు వంచేస్తారు కొందరు. దాంతో ఫ్యాను బ్యాలెన్స్ తప్పి మోటారు బుష్‌లు ఒక్క సీజనుకే అరిగిపోతాయి. పైగా జీఐ రేకును వెల్డింగ్ చేస్తే ఆ గీత పొడవునా జింకు పూత కాలిపోతుంది, తుప్పు మొదలయ్యేది సరిగ్గా అక్కడే. తొట్టి అంచు దాకా కోసి ఉంటే రెండో ఏడాదికి కారడం ఖాయం.

పెట్టెను అలాగే ఉంచి ముందు ఒక మూతి విడిగా చేయించడం సరైన పని. దీనికి లెక్క తేలిక. 18 అంగుళాల వృత్తం వైశాల్యం దాదాపు 254 చదరపు అంగుళాలు. కొత్త మూతి ఏ ఆకారంలో ఉన్నా లోపలి వైశాల్యం అంతకు తగ్గకూడదు. 15 అంగుళాల ఖాళీలో 14 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల ఎత్తు మూతి పెడితే 280 వస్తుంది, సరిపోతుంది. అంటే వెడల్పు 20 నుంచి 14కు తగ్గాలి, ఒక్కో పక్క 3 అంగుళాలు. ఈ తగ్గడం అంగుళం అంగుళంన్నరలో కాకుండా 12 అంగుళాల పొడవులో జరగాలి. అప్పుడు పక్క రేకు వాలు 15 డిగ్రీల లోపే ఉంటుంది, గాలి గోడకు కొట్టుకోకుండా జారుతుంది. షెడ్లలో 4 అంగుళాల పొడవులోనే ముక్కు నొక్కేసినట్టు చేసి ఇస్తున్నారు, రేకు ఆదా కోసం. కూలర్ ఫ్యానుకు ఎదురు ఒత్తిడిని నెట్టే బలం లేదు. మూతి ఇరుకైతే గాలి రింగు సందులోంచి వెనక్కి తిరుగుతుంది, హోరు పెరుగుతుంది, గదిలోకి వచ్చేది తగ్గుతుంది. మోటారు మీద భారం మాత్రం తగ్గదు, పెరుగుతుంది. ముట్టుకుంటే చెయ్యి కాలేంత వేడెక్కిన కూలర్ మోటార్లలో కొన్నిటికి కారణం వైండింగ్ (లోపలి తీగచుట్ట) కాదు, ముందున్న ఈ ఇరుకు మూతే.

మూతికి 24 గేజీ రేకు చాలు, 22 కంటే పలచన, బరువు తక్కువ. పెట్టె వైపు చుట్టూ ఒక అంగుళం అంచు బయటికి మడిపించాలి. పాత జాలీ విప్పి, దాని స్క్రూ రంధ్రాలే వాడుకుని, మధ్యలో 6 మిల్లీమీటర్ల రబ్బరు పట్టీ వేసి బిగిస్తే మూతి ఎప్పుడైనా విప్పుకోవచ్చు. ఇల్లు మళ్లీ మారితే పోయేది మూతి ఖర్చే. మూలల్లో వెల్డింగ్ వద్దు, 4 మిల్లీమీటర్ల అల్యూమినియం రివిట్లు రెండేసి అంగుళాలకు ఒకటి, లోపలి నుంచి సిలికాన్. కోసిన అంచులకు జింకు ప్రైమర్ పూయించాలి, ఇది అడిగితే తప్ప ఎవరూ వేయరు. మూతి అడుగు రేకు గది వైపు కాకుండా కూలర్ వైపు అర అంగుళం వాలి ఉండాలి. ఫ్యాను ఎప్పుడైనా తుంపర తోసినా నీళ్లు పెట్టెలోకే పోతాయి. ఇది మరిస్తే కిటికీ ట్రాక్ నిండి గోడ సున్నం ఉబ్బుతుంది.

గాలి తిప్పే పలకలు ఎక్కడుండాలన్నది చాలామంది ఆలోచించరు. పాత జాలీని పాత చోటే ఉంచి దాని ముందు మూతి తగిలిస్తే, పక్కకు తిప్పిన గాలి మూతి రేకుకే తగులుతుంది. జాలీని గది వైపు చివరకు మార్చాలి. 20 అంగుళాల జాలీ 14లో పట్టదు గనక కొత్త పలకలు కోయించక తప్పదు. ఖర్చు అనిపిస్తుంది కానీ ఇది దండగ కాదు.

మిగిలిన కిటికీ ఖాళీని మూయడానికి థర్మాకోల్ పెట్టి టేపు వేయడం ఊరంతా ఉన్న అలవాటు. నెల తిరక్కుండా తడికి టేపు ఊడుతుంది, ఎలుక వస్తుంది. 5 మిల్లీమీటర్ల ఫోమ్ బోర్డు గాని, 3 మిల్లీమీటర్ల పాలీకార్బొనేట్ షీటు గాని కిటికీ ట్రాక్‌లోనే దూర్చేలా కోయించి, అద్దం రెక్కను దానికి ఆనించి చుట్టూ బ్రష్ పట్టీ అతికిస్తే శుభ్రంగా ఉంటుంది. వెలుతురు కావాలంటే పాలీకార్బొనేట్. ప్లైవుడ్ వాడితే అంచులకు రంగు తప్పనిసరి.

గ్రిల్ సంగతి ఒక్క మాట. నాలుగేసి అంగుళాలకు ఒక 10 మిల్లీమీటర్ల ఊచ ఉన్న గ్రిల్ గాలిని పెద్దగా ఆపదు, మూతిని దానికి ఆనించి వదిలేయొచ్చు. పువ్వులూ నెమళ్లూ ఉన్న గ్రిల్ అయితే మూతి దానికి మూడు నాలుగు అంగుళాల వెనకే ఆగాలి, లేకపోతే ఈల వేస్తుంది. అద్దె ఇంట్లో గ్రిల్ కోయాలంటే ముందు ఓనరును అడగండి.

ఇక మిద్దెలు. రాయలసీమ పాత మిద్దెల గోడలు రెండడుగుల మందం కూడా ఉంటాయి, కిటికీ లోపలి అంచుకు ఉంటుంది. తొమ్మిది అంగుళాల గోడకు చేయించిన కూలర్‌ను ఇక్కడ బయట నిలబెడితే గాలి ఆ గూటిలోనే సుడి తిరిగి సగం వెనక్కి వస్తుంది, తడిగాలినే ప్యాడ్లు మళ్లీ పీల్చుకుంటాయి. ఒక పూటకే గదిలో ఉక్క మొదలవుతుంది. దీనికి మందు 20కి 20 కొలతలోనే రెండడుగుల తిన్నని రేకు గొట్టం. తిన్నగా ఉన్నంతవరకు రెండడుగుల పొడవు వల్ల పెద్దగా నష్టం లేదు. బరువు కూలర్ మూతి మీద వేలాడకుండా గొట్టం కింద కిటికీ బండ మీద రెండు చెక్క ముక్కలు పెట్టాలి. గొట్టానికి ఒక్క వంపు వచ్చినా మాత్రం ఈ ఫ్యాను తట్టుకోదు. కిటికీ ఎత్తులో ఉందనో, వెంటిలేటర్లోంచి తీసుకుందామనో మోచేతి వంపు గొట్టం చేయించిన వాళ్ల డబ్బు బూడిదలో పోసిన పన్నీరే. వంపు తప్పని చోట బ్లోవర్ (గాలిని ఒత్తిడితో నెట్టే డ్రమ్ము ఫ్యాను) ఉన్న కూలరే కావాలి. లేదా స్టాండు ఎత్తు పెంచుకోవాలి.

కిటికీకి సరిపోయినా బయట చోటు సరిపోవాలిగా. కర్నూలు పాత బస్తీలో, అనంతపురం పాతవూరులో రెండిళ్ల మధ్య సందు మూడడుగులు దాటని చోట్లు కొల్లలు. 26 అంగుళాల పెట్టె పెడితే వెనక ప్యాడుకూ ఎదుటి గోడకూ మధ్య మిగిలేది తక్కువ. అడుగు ఖాళీ లేని వైపు ప్యాడ్ గాలి సరిగా పీల్చదు. అంటే మూడు ప్యాడ్లలో ఒకటి దాదాపు దండగ. ఇది చిన్న నష్టంలా కనిపిస్తుంది గానీ లెక్క వేస్తే వేరు. గంటకు 3,000 ఘనపు మీటర్ల గాలి లాగే కూలర్‌కు, 22కి 26 అంగుళాల ప్యాడ్లు మూడు ఉంటే, గాలి ప్యాడ్ గుండా సెకనుకు ముప్పావు మీటరు వేగంతో పోతుంది. రెండు అంగుళాల గడ్డికి అదే సరైన వేగం. ఒక వైపు మూసుకుపోతే వేగం 1.1 దాటుతుంది. గాలి తడవకుండానే దాటిపోతుంది, పైగా నీటి చుక్కల్ని మోసుకొచ్చి మంచం మీద చల్లుతుంది. పంపు నీళ్లు ఎక్కువ పోస్తోందని పంపును తగ్గిస్తారు, అప్పుడు ప్యాడ్ ఎండి వేడిగాలి వస్తుంది.

ఇలాంటి సందులో గడ్డి తీసేసి 100 మిల్లీమీటర్ల తేనెపట్టు (హనీకోంబ్) ప్యాడ్లకు మారడం మేలు. ఇవి సెకనుకు 1.25 మీటర్ల దాకా ఓర్చుకుంటాయి. అయితే గడ్డి తలుపు మందం రెండు అంగుళాలు, కొత్త ప్యాడ్ నాలుగు. తలుపు ఫ్రేమును బయటికి రెండు అంగుళాలు పెంచి చేయించాలి, పైన నీళ్లు పోసే కాలువ కూడా ప్యాడ్ నడుమకు రావాలి. ఈ ప్యాడుకు గడ్డికంటే ఎక్కువ నీళ్లు కావాలి గనక చిన్న పంపు ఉంటే మార్చాలి. ప్యాడ్‌ను పక్క నుంచి చూస్తే దాని మడతలు కొన్ని ఒక వైపుకు ఎక్కువ వాలుగా, కొన్ని ఇంకో వైపుకు కొంచెమే వాలుగా కనిపిస్తాయి. ఎక్కువ వాలున్న మడతలు గాలి వచ్చే వైపుకు, అంటే బయటికి కిందికి దిగేలా పెట్టాలి. తిప్పి పెడితే నీళ్లు ఫ్యాను వైపు వస్తాయి. తలుపు మూసేశాక ఈ తప్పు కనబడదు, తడిసిన పరుపే చెప్పాలి.

పక్కింటి ఏసీ బయటి యూనిట్ ఊదే చోట, వంటింటి ఎగ్జాస్ట్ కింద, సెప్టిక్ ట్యాంకు గొట్టం దగ్గర పెట్టకూడదన్నది వేరే చెప్పక్కర్లేదు. పడమటి ఎండ పడే గోడైతే కూలర్ నెత్తిన ఒక రేకు నీడ వేయండి. ప్యాడ్లకు అడ్డం రాకుండా చూడండి.

స్టాండు దగ్గర మాత్రం షెడ్లకు మార్కులు తగ్గించాల్సిందే. 26కి 26 తొట్టిలో 8 అంగుళాల నీళ్లు నిలిస్తే దాదాపు 88 లీటర్లు. పెట్టె, మోటారు కలిపితే 120 కిలోలు దాటుతుంది. దీన్ని గోడకు రెండు బ్రాకెట్లు కొట్టి నిలబెట్టేస్తున్నారు. గట్టి ఇటుక గోడకు, కాంక్రీటు బీముకు 12 మిల్లీమీటర్ల యాంకర్ బోల్టులు నాలుగు పట్టుకుంటాయి. బోలు ఇటుకల గోడకు, మట్టి గోడకు పట్టుకోవు. కింది అంతస్తు కిటికీ సజ్జ మీద పెట్టడం అన్నిటికంటే ప్రమాదం. ఆ సజ్జ వేసింది ఎండావానలు ఆపడానికే, బరువు మోయడానికి కాదు. నేల మీద నాలుగు కాళ్ల స్టాండే మంచిది: 35 మిల్లీమీటర్ల యాంగ్లర్ (ఎల్ ఆకారం ఇనుప పట్టీ), మధ్యలో అడ్డ పట్టీలు, ఒక్కో కాలి కింద ఒక కడప బండ ముక్క. మట్టిలో నేరుగా దిగిన కాళ్లు తడికి కుంగుతాయి. కూలర్ ఒక పక్కకు ఒరిగితే పై కాలువలో నీళ్లు ఆ పక్కకే పోయి, ఎదుటి ప్యాడ్ మీద నిలువు చారలా పొడిగా మిగులుతుంది. స్టాండు నిలబెట్టాక స్పిరిట్ లెవెల్ పెట్టి చూడమనండి. లేదంటే అక్కడున్న గ్లాసులో నీళ్లు చాలు.

నీళ్ల ఖర్చు తెలియకుండా చోటు మార్చొద్దు. మండే మధ్యాహ్నం ఈ కూలర్ గంటకు 15 నుంచి 20 లీటర్లు తాగుతుంది. పాత చోట కుళాయి పక్కన ఉండి, కొత్త చోట బిందెతో పోయాల్సి వస్తే పది రోజుల్లో విసుగొస్తుంది. మొదటి రోజే ఫ్లోట్ వాల్వ్ (తొట్టి నిండగానే తనంతట మూసుకునే కుళాయి) పెట్టించి, మేడ మీది ట్యాంకు లైను నుంచి పావు అంగుళం ట్యూబు లాగండి. కర్నూల్లో సుంకేసుల బ్యారేజీ నది నీళ్లు వచ్చే ఇంటి నుంచి బోరు నీళ్ల ఇంటికి మారితే ప్యాడ్ ఆయుష్షు మీద ఆశ తగ్గించుకోవాలి. నీరు ఆవిరైపోతుంది, ఉప్పులు తొట్టిలోనే ఉంటాయి. రెండు రోజులకోసారి తొట్టి ఖాళీ చేయకపోతే ప్యాడ్ మీద తెల్లటి పొర గట్టిపడి, గాలి దారి మూసుకుపోతుంది. పంపు ట్యూబు నుంచి సన్నటి ఒక ట్యూబు చీల్చి చుక్కచుక్కగా బయటి మొక్కకు వదిలితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. మొక్క ఉప్పు ఓర్చే రకమై ఉండాలి, కరివేపాకుకు పెట్టకండి.

కరెంటు పనిలో అతుకులు సహించరానివి. రేకు పెట్టె, లోపల నీళ్లు, నీళ్లలో పంపు. చోటు మారినప్పుడు వైరు చాలక మధ్యలో అతికి టేపు చుట్టడం, మూడు పిన్నుల ప్లగ్గు తీసి రెండు పిన్నులది పెట్టడం కళ్లారా కనిపించే సంగతే. మూడు తీగల వైరు ఒక్క ముక్కగా రావాలి. ఎర్త్ తీగ పెట్టె రేకుకు రంగు గీకిన చోట బోల్టుతో బిగించాలి. ఆ లైనుకు 30 మిల్లీ యాంపియర్ల ఆర్సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్) ఉండాలి. మూతి మార్చాక ఫ్యాను మెల్లగా తిరుగుతోందనిపిస్తే మోటారు విప్పకముందు కెపాసిటర్ మార్చి చూడండి, మోటారు మీద రాసి ఉన్న విలువదే తెప్పించాలి.

గది చిన్నదైతే ఏమవుతుంది? 10కి 12 అడుగుల గది, 10 అడుగుల ఎత్తు: 1,200 ఘనపు అడుగులు. రెండు నిమిషాలకోసారి గాలి మొత్తం మారాలంటే నిమిషానికి 600 ఘనపు అడుగులు చాలు. 18 అంగుళాల కూలర్ ఇచ్చేది దానికి మూడింతలు. హాల్లో బాగుందని బెడ్‌రూముకు మారిస్తే చెవులు హోరెత్తుతాయి. మీడియం, లో స్పీడు ఉన్న మోటారైతే సర్దుకోవచ్చు. ఒకే స్పీడుదైతే 15 అంగుళాల కూలర్ కొనుక్కోవడం నయం. ఎదుటి వైపు కిటికీ తెరవడం మరవొద్దు. నిమిషానికి 1,000 ఘనపు అడుగులకు 2 చదరపు అడుగుల దారి కావాలి. తలుపులన్నీ బిగించి కూలర్ వేసుకునే ఇళ్లలో అప్పడాలు మెత్తబడటం, చెక్క తలుపు ఉబ్బి పట్టేయడం దీనివల్లే.

కంపెనీ ప్లాస్టిక్ విండో కూలర్లతో పోలిస్తే ఈ పనిలో రేకు కూలర్‌దే పైచేయి. ప్లాస్టిక్ మూతికి రేకు మూతి బిగించడానికి గట్టి అంచు ఉండదు, స్క్రూ వేసిన చోట ఎండకు చీలుతుంది. వాటి ప్యాడ్ మందం కూడా మార్చలేం. కానీ శబ్దంలో, తుప్పు విషయంలో ప్లాస్టికే మెరుగు. ఏడాదికోసారి తొట్టి గీకి తారు పెయింట్ వేసే ఓపిక లేనివాళ్లకు రేకు వద్దు. మూతి, జాలీ, స్టాండు, తలుపులు అన్నీ కలిపి కొత్త కూలర్ ధరలో సగం దాటుతుంటే, తొట్టి అడుగు అప్పటికే తుప్పు పట్టి ఉంటే, పాతది ఇనుప సామాన్లవాడికి ఇచ్చేయడమే మంచిది. అప్పుడు కూడా మోటారు, పంపు విప్పి ఉంచుకోండి.

పని ఒప్పజెప్పే ముందు షెడ్డువాళ్ల ఎదుటే ఒక అగరుబత్తి వెలిగించి చూడాలి. మూతి, పెట్టె కలిసే అంచు చుట్టూ తిప్పితే పొగ ఎక్కడ బయటికి తోసుకుపోతుందో అక్కడ రబ్బరు సరిగా పడలేదన్నమాట. తర్వాత నీళ్లు పోసి, ఫ్యాను వేయకుండా పంపు మాత్రమే పావుగంట నడిపి, మూడు ప్యాడ్లూ పై నుంచి కింది దాకా ఒకే రంగుకు నల్లబడ్డాయో లేదో చూడండి. చివరగా తొట్టి డ్రెయిన్ మూత స్టాండు యాంగ్లర్‌కు అడ్డం పడకుండా ఉందా చూడండి. దోమల గుడ్డు నుంచి దోమ రావడానికి వారం పది రోజులు చాలు గనక శుక్రవారం శుక్రవారం తొట్టి పూర్తిగా వంపి ఆరబెట్టాలి. మూతకు చెయ్యి అందకపోతే ఆ పని ఎవరూ చేయరు.